కంచం ఎత్తుకుపోయిన పిల్ల

పోయిన వారం మనం రంజితను కాటన్‌పేటలో గోపాలప్ప ఇంటి గడప దగ్గర, ఒక చెప్పు విడిచి ఇంకో చెప్పు కాలికుండగానే నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమంతా మనం తిన్నాం, తిరిగాం, నిద్రపోయాం. ఆ పిల్ల మాత్రం అలాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది? లోపల పడసాలలో, తాను ఏడాదిన్నరగా కూర్చుంటున్న పీట మీద ఇంకెవరో పిల్ల కూర్చుని సంగటి తింటోంది.

ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రంజితది మడకశిర దగ్గర పల్లె. అమ్మానాన్నలు మగ్గం మీద బతుకుతున్నారు. పిల్ల బెంగుళూరులో, పీణ్య అవతల ఒక కాలేజీలో ఇంజినీరింగు రెండో ఏడు చదువుతోంది. ఆ నగరంలో తల దాచుకోవడానికి నేతవాళ్ళ సంఘం ఇచ్చే వసతి స్కాలర్‌షిప్పు ఒక్కటే ఆధారం. అది ఉంటే హాస్టల్ ఉంది. అది పోతే మడకశిర బస్సు ఉంది. మధ్యలో ఇంకేమీ లేదు.

ఆ వసతి రెండు హాస్టళ్ళలో దేనికైనా చెల్లుతుంది. ఒకటి ఇప్పుడు రంజిత ఉంటున్న సంఘం హాస్టల్. కాటన్‌పేట సందులో ఉంటుంది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అది ఎంత దగ్గరంటే, అటువైపు ఆయన తన గోడకు మేకు కొడితే ఇటువైపు రంజిత దానికి క్యాలెండరు తగిలించుకుంటుంది. పొద్దు గూకగానే గేటు మూసేస్తారు. అందుకని ప్రతి సాయంత్రం ల్యాబులో పని సగంలో ఉండగానే ఈమె లేచి బస్సుకు పరుగెత్తాలి. రెండోది కాలేజీ ఆవరణలో కొత్తగా కట్టిన హాస్టల్. గదికి ఇద్దరు. ల్యాబు చెయ్యి చాస్తే అందుతుంది. స్నేహితురాలు సహన అక్కడ తన పక్క మంచం మీద దుప్పటి పరిచి మరీ ఆపి పెట్టింది. వచ్చేదీ రానిదీ రేపు సాయంత్రంలోగా చెప్పాలి.

ఏ హాస్టల్ అన్నది సంఘం పట్టించుకోదు. పట్టించుకునేవి రెండే. ఉండేది హాస్టల్‌లోనే అయ్యుండాలి. ఎవరింట్లోనైనా దిగితే ఆ రోజే వసతి ఆగిపోతుంది, మళ్ళీ ఇవ్వరు. ఇంకోటి, వారం. వెనకటికి చదువుకునే పిల్లలు రోజుకో ఇంట్లో అన్నం తిని చదువుకునేవాళ్ళు కదా, అదే వారం. హాస్టళ్ళు వచ్చినా సంఘం ఆ అలవాటు వదల్లేదు. వసతి తీసుకునే ప్రతి పిల్లకూ ఒక ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో తినాలి. పున్నమి నాడు సంఘం కూర్చున్నప్పుడు ఆ ఇంటి పెద్ద లేచి నిలబడి, "మా పిల్ల అన్నానికి వస్తా ఉండాది" అనాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఆ మాట ఉంటే వసతి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక పెద్ద ఒక్క పిల్లకే నిలబడాలి, ఇద్దరికి కుదరదు.

రేపే పున్నమి.

"రా రంజితా. కాఫీ తాగి పో," అంటూ చౌడమ్మ కాఫీ గ్లాసు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

గోపాలప్ప భార్య చౌడమ్మ. ఆమె వండితే వాసనకు మెజెస్టిక్ బస్టాండులో బస్సులు ఒక నిమిషం ఆగి బయల్దేరతాయని కాటన్‌పేటలో చెప్పుకుంటారు. ఆ ఇంట్లో కాఫీ బయటివాళ్ళకు. ఇంటి మనిషికి అన్నం. ఏడాదిన్నరలో రంజిత ఆ ఇంట్లో కాఫీ రుచి ఎరగదు.

"అన్నానికి వస్తి అవ్వా."

"అన్నం అయిపాయ."

అన్నం అయిపోలేదు. వంటింట్లోంచి అనపగింజల పితికిపప్పు చారు ఆవిరి మబ్బులా బయటికి వస్తోంది. గోపాలప్ప విస్తరి వేసినది వేసినట్టే ఉంది, ఆయనింకా కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలో ఏదో చూస్తున్నాడు. ఆయనకు నూలు, పురికొసల అంగడి. మాట తక్కువ మనిషి. ఆయన మౌనం ఎంత బరువంటే, ఒకసారి అంగట్లో త్రాసు పక్కన నిలబడి ఊరుకున్నందుకు ముల్లు ఆయన వైపు వాలిందట.

రంజిత రెండో చెప్పు కూడా విడిచి లోపలికి వచ్చింది. "అవ్వా, నేనేం తప్పు చేసినా?"

"నువ్వేం తప్పు చేయలేదమ్మా. నీ ఇష్టం నీది. కొత్త హాస్టల్ పెద్దదంట. లిఫ్టు కూడా ఉండాదంట. బాగుండు."

"నేనింగా ఒప్పుకోనేలేదు. మిమ్మల్ని అడిగి చెప్పల్లనే ఈ పొద్దు వస్తి."

"అడిగేదానివి కంచం ఎత్తుకోని పోతావా?"

రంజితకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి మొహం మీదే కనిపిస్తోంది. చౌడమ్మకు మాత్రం అది నాటకంలా కనిపించింది.

కంచం సంగతి ఏమిటంటే, వారం పెట్టే ఇల్లు మొదటి రోజే పిల్లకు ఒక ఇత్తడి కంచం కొంటుంది. చదువు అయిపోయేదాకా ఆ కంచం ఇంటి గడప దాటకూడదు. "మీ అన్నం ఇంక చాలు" అని ఏ పిల్లా నోటితో చెప్పలేదు కదా, సిగ్గు పడుతుంది. అందుకని కంచం తీసుకుపోతుంది. అంతే, వారం తీరిపోయినట్టు. కాటన్‌పేటలో పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. మడకశిర దగ్గర పల్లెలో వారాలు లేవు, కంచాలూ లేవు. ఇంతకుముందటి ఆదివారం రంజిత తిని, కడిగి, తుడిచి, ఆ కంచాన్ని సంచిలో పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. నవ్వుతూ వెళ్ళడమే చౌడమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

"కంచం నగర్తపేటలో ఇచ్చినానవ్వా," అంది రంజిత.

"అమ్మేసినావా?"

"అయ్యో, అమ్మేదేంది. కళాయికి ఇచ్చినా. అడుగు సొట్టపోయుండాది కదా, ముద్ద పెడితే నిలబడదు. మీరే చూసినారు. పోయిన నెల తాత విస్తరిలోకి దొర్లలేదా?"

దొర్లింది. చౌడమ్మ చేసే ముద్ద గుండ్రదనం సామాన్యమైనది కాదు. అంతకుముందు ఒకసారి అది కంచం దిగి, గడప దాటి, వీధి వాలున పడి, సందు మలుపులో ఆటో కిందికి దూరి, అవతలి వైపు అంతే గుండ్రంగా బయటికి వచ్చిందని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆటోకు సొట్ట పడిందని కూడా కొందరంటారు. అది మాత్రం అతిశయం.

"సొట్ట తీయించి, కళాయి పెట్టించి, చెప్పకుండా తెచ్చి పెడదామనుకుంటి. మీరు చూసి మురుస్తారని. ఆయప్ప నిన్న రమ్మన్నాడు. పోతే అంగడి మూసిండాది."

చౌడమ్మ గోడకు ఆనుకుని మెల్లిగా కింద కూర్చుంది. తర్వాత గోపాలప్ప వైపు తిరిగింది.

"వింటివా? కళాయికంట."

గోపాలప్ప కిటికీలోంచి తల తిప్పలేదు. చెవి మాత్రం ఇటు తిరిగింది.

"ఒక్క మాట చెప్తే నీ నోరు అరిగిపోతాదా పిల్లా?" అంది చౌడమ్మ.

"చెప్తే మీరు వద్దంటారని."

"అంటాను. యాల అనను? సొట్టపోతే ఏమైతాది, ముద్దను చేత్తో పట్టుకోని తినల్ల." చౌడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ దినం నించి మీ తాత అంగట్లో కూర్చోని దారం ముడులు వేసుకునేది, ఇప్పుకునేది. గిరాకీ వస్తే వాళ్ళను చూసేది లేదు. నేను ఇంట్లో ఉప్పనుకోని చక్కెర, చక్కెరనుకోని ఉప్పు. పక్కింటోళ్ళు మా ఇంటి కాఫీ తాగి జ్వరం తెచ్చుకున్నారు."

రంజితకు నవ్వొచ్చింది.

ఇంతసేపూ పీట మీదున్న పిల్ల చెయ్యి ముద్దలోనే ఉండిపోయింది. పేరు నవ్య. మొదటి ఏడు. రంజిత ఉండే హాస్టల్లోనే కింది గదిలో ఉంటుంది. కాలేజీలో చేరినప్పటి నుంచి వారం ఇల్లు దొరక్క, కొత్త పిల్లలకు సంఘం ఇచ్చే గడువు మీద ఉంటూ, ఏ పున్నమికి తన వసతి పోతుందో అని బిక్కుబిక్కుమంటూ గడిపిన పిల్ల. వారం తీరిన ఇల్లు వచ్చే ఆదివారానికి ఖాళీగా ఉండకూడదన్నది ఆనవాయితీ. కంచం పోయిందని తెలియగానే సంఘం నవ్యను ఈ ఇంటికి పంపింది.

"అక్కా, ఇది మీ పీటంట కదా," అంది నవ్య మెల్లిగా. "నేను లేస్తా."

ఒక్క క్షణం రంజిత మనసు అటే మొగ్గింది. అబద్ధం ఎందుకు, మొగ్గింది. ఈ పిల్ల లేస్తే చాలు. రేపు గోపాలప్ప సంఘంలో నిలబడతాడు, మాట అంటాడు, వసతి నిలుస్తుంది. ఎవరూ తప్పు పట్టరు కూడా, కంచం కథ తెలిస్తే ఊరంతా తన వైపే ఉంటుంది. నవ్య కంచం కొత్తది, తళతళలాడుతోంది. అందులో సగం ముద్ద ఉంది. మిగతా సగాన్ని పిల్ల ఎంత ఆత్రంగా తిన్నదో చుట్టూ అంటిన చారు చెబుతోంది.

"తినే పిల్లను లేపేది యాడన్నా ఉండాదా?" అంది రంజిత. "కూర్చో. ఊరిబిండి వేసుకున్నావా లేదా? అవ్వ దాన్ని మూలన దాచిపెడతాది. అడిగితే గాని పెట్టదు."

నవ్య కూర్చుంది. చౌడమ్మ గబగబా లేచి వెళ్ళి ఆ ఊరిబిండి పచ్చడి తెచ్చి రెండు గరిటెలు వేసింది. వేస్తున్నంతసేపూ రంజితనే చూసింది. ఆ చూపులో ఏముందో గానీ, కాఫీ గ్లాసు మాత్రం ఎవరూ అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడెట్ల?" అంది చౌడమ్మ. "ఇచ్చిన వారం వెనక్కి తీసుకోకూడదు. ఇద్దరికి నిలబడకూడదు. రేపే పున్నమి. ఏమప్పా, నోరు తెరువు."

గోపాలప్ప కిటికీ వదిలి ఇటు తిరిగాడు.

"ఇంగొక ఇల్లుండాది," అన్నాడు.

చౌడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ ఇల్లా? నువ్వేనా ఈ మాట అనేది? ఉండు, ఈ పొద్దు సూర్యుడు యాడ పుట్టినాడో బయటికి పోయి చూసొస్తా."

"సుమ్నే ఉండు, ఊరుకో." గోపాలప్ప రంజిత ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నిజం చెప్పు తల్లీ. కొత్త హాస్టల్‌కు పోవల్లని ఉండాదా, లేదా?"

రంజిత అవ్వ వైపు చూసింది, తాత వైపు చూసింది. "ఉండాది తాతా. ప్రతి దినం ల్యాబులో అందరూ మొదలు పెట్టే టైముకి నేను సంచి ఎత్తుకోని లేస్తా ఉండా. ఒక్క సారన్నా చేసిన పని అయ్యేదాకా చూడల్లని ఉండాది. అయితే మీ అన్నం పోగొట్టుకోని కాదు."

"అన్నం యాడికీ పోదులే." ఆయన మేకుకు తగిలించిన చొక్కా తీసి వేసుకున్నాడు. "పీణ్యలో మా అన్న ఉండాడు. మీ కాలేజీకి దగ్గరే. పద."

అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకుంటారు. గట్టు కోసం కొట్టుకుంటారు. గోపాలప్ప, తిమ్మరాయప్ప అన్నం పెట్టడం కోసం కొట్టుకున్నారు. వాళ్ళ నాన్న పోయినప్పుడు అంగడినీ ఇంటినీ కాఫీ తాగుతూ పంచుకున్నారు. వారం దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. నాన్న పెట్టిన వారం నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. పెద్దోణ్ణి నేనని తిమ్మరాయప్ప, నాన్న ఇంట్లో ఉండేది నేనని గోపాలప్ప. ఆ రోజు వాళ్ళ గొంతులకు సంఘం భవనం పెంకులు రెండు వరసలు పక్కకు జరిగాయంటారు. చివరికి సంఘం గోపాలప్పకే ఇచ్చింది. తిమ్మరాయప్పతో, "ఏ ఇల్లయినా తన పిల్లను చెయ్యి పట్టి తెచ్చి నీకు అప్పజెబితే నీదీ వారం ఇల్లే" అన్నది. ఆయన కోపంతో పేట వదిలి పీణ్యలో మగ్గాలకు విడిభాగాలు చేసే చిన్న మెషీన్ షాపు పెట్టుకున్నాడు. తన పిల్లను ఇంకో ఇంటికి అప్పజెప్పే పెద్ద ఎవడుంటాడు? ఆయన ఇల్లు ఖాళీగానే ఉంది. అన్నదమ్ముల మధ్య మాట లేదు.

మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కారు. గోపాలప్ప ఎప్పుడూ మెట్రో ఎక్కలేదు. కదిలే మెట్ల ముందు నిలబడి, అవి కాస్త అలిసిపోతే ఎక్కుదామని చాలాసేపు ఎదురు చూశాడు. రైల్లో మాత్రం చల్లగా కూర్చుని, దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

"ఏమంటా ఉండారు తాతా?"

"మాట చూసుకుంటా ఉండా. అప్పజెప్పేటప్పుడు తడబడకూడదు కదా."

"నా కోసం మీరింత చేయల్లనా?"

"నీ కోసమే అనుకుంటా ఉండావా?" అని ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆదివారం కాబట్టి పీణ్యలో షెడ్లన్నీ నోరు మూసుకుని ఉన్నాయి. ఒక షెడ్డు పక్కన రెండంతస్తుల ఇల్లు. తలుపు కొట్టగానే తెరుచుకుంది. ఎదురుగా పంచెకట్టులో, అన్నానికి కూర్చోబోతూ లేచొచ్చిన తిమ్మరాయప్ప. ఆ ముక్కు చూడగానే రంజితకు చుట్టరికం తెలిసిపోయింది. ఆ వంశంలో ముక్కు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు.

"ఎవరప్పా?" అన్నాడు తిమ్మరాయప్ప. తన ముక్కే ఎదురుగా నిలబడి ఉన్నా అడిగాడు.

"నేనే అన్నా."

"నేనే అంటే? పేరు లేదా?"

"గోపాలాన్ని."

"ఏ గోపాలం? కాటన్‌పేటలో వారం పెట్టే గోపాలమా?"

"ఆ గోపాలమే."

తిమ్మరాయప్ప ఆయన భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "దారి తప్పినావేమో. మెజెస్టిక్ అటు పక్క ఉండాది."

గోపాలప్ప రంజిత మణికట్టు పట్టుకున్నాడు. రైల్లో అన్నిసార్లు చూసుకున్న మాటలు ఏమయ్యాయో గానీ, బయటికి వచ్చినవి ఇవి:

"అన్నా, ఇది మా పిల్ల. రంజిత. బాగా తింటాది. కారం తక్కువైతే ముఖం చూసి తెలుసుకోవల్ల, నోటితో అడగదు. ఈ పొద్దు నించి మీ పిల్ల." అని ఆమె చేతిని అన్న చేతిలో పెట్టాడు.

తిమ్మరాయప్ప ఆ చేతిని పట్టుకున్నాడు. వదల్లేదు. ఆయన కనురెప్పలు గబగబా కొట్టుకున్నాయి. లోపలి నుంచి, "ఎవరొచ్చిండేది?" అంటూ భార్య వచ్చింది. పేరు చిక్కమ్మ, కన్నడంలో చిక్క అంటే చిన్న. మనిషి మాత్రం గుమ్మంలో నిలబడితే వెనక ఇల్లు కనబడదు. ఆమె ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుంది. ఏ మాటా అనకుండా వెనక్కి వెళ్ళి పీట తెచ్చి పడసాల మధ్యలో వేసింది.

రంజితకు గుండె తేలికైంది. ఇక్కడ వారం, అక్కడ కొత్త హాస్టల్, రేపు సంఘంలో ఈ పెద్దాయన మాట. అన్నీ ఒకదాని వెనక ఒకటి పడసాలలోకి నడిచి వచ్చినట్టే ఉంది. అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. సహన.

"ఏయ్, ఎక్కడున్నావ్? వార్డెన్ ఇంకో అమ్మాయిని తీసుకొచ్చి నీ బెడ్ చూపించింది. నేను దుప్పటి మీద పడుకుని లేవలేదు. రేపటి దాకా ఇలాగే పడుకోలేను కదా. వస్తున్నావా, లేదా?"

"వస్తా ఉండా. లేవద్దు," అని పెట్టేసింది రంజిత.

"ఎవరు?" అన్నాడు తిమ్మరాయప్ప.

"నా స్నేహితురాలు తాతా. రేపు కొత్త హాస్టల్లో చేరల్ల."

"హాస్టల్ యాల?"

పడసాల కాస్త చల్లబడినట్టయింది.

"మేడ మీద గది ఖాళీగా ఉండాది," అన్నాడు తిమ్మరాయప్ప. "ఫ్యాను ఉండాది, కిటికీ ఉండాది. కాలేజీకి నడిచి పోవచ్చు. గోపాలం నీకు వారానికి ఒక పూట పెట్టినాడు. నేను దినానికి మూడు పూట్లు పెడతా. కాటన్‌పేటోళ్ళు చూడనీ, వారం అంటే ఎట్లుంటాదో."

"అన్నా, ఇంట్లో దిగితే వసతి ఆగిపోతాది," అన్నాడు గోపాలప్ప.

"ఆగనీ. నేనుండాను కదా."

"సంఘం మళ్ళీ ఇవ్వదు."

"నేనుండానని చెప్తే నీకు వినపడదా? నా పిల్లని చేతిలో పెట్టినావు. నా పిల్ల నా ఇంట్లో ఉండాది. అట్లయితేనే రేపు నేను సంఘంలో నిలబడేది. లేకుంటే నీ పిల్లని నువ్వే తోలుకపో."

తోలుకుపోవడానికి కాటన్‌పేటలో పీట లేదు, అది నవ్యది. ఆ సంగతి గోపాలప్పకు తెలుసు, రంజితకు తెలుసు. తిమ్మరాయప్పకు తెలియదు.

రంజిత ఆలోచించింది. గది, మూడు పూటల అన్నం, నడిస్తే కాలేజీ. బయటివాళ్ళు వింటే అదృష్టం అంటారు. కానీ వసతి తనది. సంఘం ముందు నిలబడి తాను సంపాదించుకున్నది. ఈ గది ఈ పెద్దాయన పంతానిది. అన్నం పెట్టడానికి తమ్ముణ్ణే వదులుకున్న మనిషి, ఏదో ఒక రోజు ఏదో ఒక మాటకు అలిగితే తాను ఎక్కడికి పోవాలి? అప్పటికి కొత్త హాస్టల్ మంచం ఉండదు, పాత హాస్టల్ గదీ ఉండదు, వసతీ ఉండదు. పోనీ కాదంటే? రేపు పున్నమికి తన కోసం నిలబడేవాళ్ళే ఉండరు.

చిక్కమ్మ ఒక చేత్తో గరిటె పట్టుకుని, కంచం తెచ్చి పీట ముందు పెట్టింది. దాని అంచు మీద ఒక్క గీత లేదు. ఎప్పుడో కొని, ఎవరూ తినక, వారం వారం చింతపండుతో తోమి పెట్టిన కంచం. 

"కూర్చో తల్లీ," అన్నాడు తిమ్మరాయప్ప. ఆ గొంతులో పంతం లేదు, అదే కష్టమైంది.

వెనక నుంచి గోపాలప్ప మెల్లిగా అన్నాడు. "కొత్త ఇంట్లో పీట మీద కూర్చుంటే, ఆ ఇంటి పెద్ద చెప్పినదానికి ఒప్పుకున్నట్టే. నీకు ఎవరూ చెప్పరని చెప్తా ఉండా. చూసుకో."

కంచం విషయంలో జరిగింది చాలు. రంజిత పీట దగ్గరికి నడిచింది, పీట పక్కగా నడిచింది, పీట దాటి నడిచింది. చున్నీ నడుముకు చుట్టి బిగించి, చిక్కమ్మ చేతిలోని గరిటె కోసం చెయ్యి చాపింది.

"అవ్వా, ఇంగొక పీట ఉండాదా?"

"యాల?" అంది చిక్కమ్మ. ఆమె పెదవి మూల అప్పటికే కదిలింది.

"ఇద్దరు తాతలూ ఇంగా తినలేదు. పెద్దోళ్ళు ఆకలితో నిలబడుంటే నేనెట్ల కూర్చునేది? ముందు వాళ్ళిద్దరూ ఒక పంక్తిలో కూర్చోని తిననీ. నేను వడ్డిస్తా. వాళ్ళు లేచినంక నేను కూర్చుంటా. మేడ మీదుండేదీ, హాస్టల్లో ఉండేదీ అప్పుడు చెప్తా."

చిక్కమ్మ గరిటె ఇచ్చేసింది. అంత శరీరంతో అంత వేగంగా ఎవరూ వంటింట్లోకి పోయి రాలేరు. రెండో పీట వచ్చి మొదటి దాని పక్కన, జానెడు ఎడంగా పడింది. ఇంకో కంచం, దాని వెనకనే చారు గిన్నె వచ్చాయి. ఆ ఇద్దరి నాన్న పోయాక ఒక వరసలో రెండు కంచాలు పెట్టడం ఆమెకు ఇదే మొదటిసారి.

తిమ్మరాయప్ప పీటల వైపు చూశాడు. గోపాలప్ప ఎక్కడ చూడాలో తెలియక తలుపు వైపు చూశాడు.

"వచ్చినోడు నువ్వు. నువ్వు కూర్చో," అన్నాడు అన్న.

"పెద్దోడివి నువ్వు. ముందు నువ్వు కూర్చో," అన్నాడు తమ్ముడు.

ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. రంజిత గరిటె నిండా పితికిపప్పు చారు ముంచి, రెండు కంచాల మధ్యగా పట్టుకుని నిలబడింది. తమ్ముడు ముందు కూర్చుంటే అన్న మాట నెగ్గినట్టు, మేడ మీద గది; అన్న ముందు కూర్చుంటే తమ్ముడి మాట నెగ్గినట్టు, హాస్టల్. ముందు ఎవరి మోకాలు వంగుతుందో, తన చదువు ఎటు మొగ్గేదీ అప్పుడే తేలుతుంది.